మూడు రోజుల నీళ్ళు మిగిలిన కోట

గుత్తి,
అనంతపురం జిల్లా

పెదనాన్నగారికి,  

యుద్ధాలు ఎలా మొదలయ్యాయో పుస్తకాల నిండా రాస్తారు, ఎలా ముగిశాయో సగం పేజీలో తేల్చేస్తారని మీరు క్లాసులో అంటుండేవారు. ఆ సగం పేజీ కోసమే ఇంత దూరం వచ్చాను. ఏళ్ళ తరబడి ఎవరికీ తలవంచని కోట, నోరు జారిన ఒక్క మాటతో శత్రువు చేతికి చిక్కింది ఈ ఊళ్ళోనే. గెలిచినవాడు తాను గెలుచుకున్నదంతా కాగితం మీద రాసి ఇంకొకరి చేతిలో పెట్టేసిందీ ఈ సీమనే. ఈ రెండు విశేషాలూ మీకు చెప్పాలని కూర్చున్నాను.

ముందు నేల సంగతి. మన కోనసీమ వాళ్ళకి ఇది పరదేశమే. నంద్యాల దాటి డోన్ వైపు రైలు తిరిగిన దగ్గర్నుంచీ ఎర్రనేల, గుండ్రాళ్ళు, కంపచెట్లు, ఇసక తేలిన వంకలు. ఏడాది పొడుగునా ఈ జిల్లాలో కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మన వైపు పడేదాంట్లో సగం. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే చాలామట్టుకు కురిసేస్తాయి. ఈశాన్యపు మబ్బులు సముద్రం వైపు నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడిపోతాయి. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టిన హోటలాయన నా గ్లాసులో నీళ్ళు సగానికే పోశాడు. తాగాక మళ్ళీ సగం పోశాడు. పక్కన తింటున్న వాళ్ళకీ అంతే. ఎవరూ ఏమీ అనుకోలేదు. గ్లాసు నిండా పోసి వదిలేసే అలవాటు మనది.

గుత్తి కోట చుట్టుపక్కల నేల నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తున, విడిగా నిలబడ్డ రాతికొండ మీద ఉంది. పై నుంచి చూస్తే ప్రాకారాలు శంఖం ఆకారంలో చుట్టుకుని ఉంటాయనీ, పదిహేను ముఖద్వారాలు ఉన్నాయనీ ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. చాళుక్యుల కాలపు శాసనాలు ఈ కొండ మీద ఉన్నాయి. విజయనగరం బుక్కరాయల కాలపు శాసనం దీన్ని కోటలన్నిటికీ రాజుగా పొగిడింది. అంత పొగడ్త ఎందుకో ఎక్కితేనే తెలుస్తుంది. ఒక ద్వారం దాటగానే దారి కొండ చరియ వెంట మలుపు తిరుగుతుంది, మలుపు తిరగ్గానే పై గోడ మీది వాడికి మనం కనబడిపోతాం. ఇలా ఒకదాని తరవాత ఒకటి. ఏనుగుని తోలుకొచ్చి తలుపు పగలగొట్టించడానికి ఏ ద్వారం ముందూ చోటు లేదు.

నేను ఎక్కువ సేపు నిలబడింది ద్వారాల దగ్గర కాదు, నీళ్ళ గుంటల దగ్గర. రాతి నెర్రెలకు అడ్డంగా గట్లు కట్టి, వాన పడినప్పుడు బండ మీద జారే ప్రతి చుక్కా అందులోకి చేరేలా చేశారు. లోతుగా తొలిచిన బావులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదానికి కొండ కింది ఏటితో సంబంధం ఉందని చెప్పుకుంటారు. ఒక గుంట అంచున కూర్చుని లోపలికి చూశాను. గోడ మీద నీటి మట్టాలు చారలు చారలుగా పడి ఉన్నాయి. పై చార సున్నం తెలుపు, దాని కింద నాచు ఎండిన నలుపు, ఇంకా కిందకి ఆకుపచ్చ. అడుగున జానెడు నీళ్ళు, వాటి మీద తేలే కంప ఆకులు. మేకల్ని తోలుకొచ్చిన పెద్దాయన ఒకాయన నేను చూస్తున్నది చూసి, "ఏం సూస్తావమ్మా, నీళ్ళుంటేనే ఇది కోట. లేకుంటే ఉత్త గుండు" అన్నాడు. ఆయన అన్నదే ఈ కోట చరిత్ర.

ఆ చరిత్రలో పెద్ద పేరు మురారి రావు ఘోర్పడే. మరాఠా సర్దారు. 1751లో ఆర్కాటు ముట్టడిలో చిక్కుకున్న క్లైవుకి సాయంగా కదిలి వచ్చినవాడు ఈయనే. అటు ఫ్రెంచివాళ్ళూ ఇటు ఇంగ్లీషువాళ్ళూ ఆయన గుర్రపు దళం తమ పక్షాన ఉండాలని ఎదురుచూసేవారు. కొండ అంచున, కిందికి చూస్తే కళ్ళు తిరిగే చోట, నున్నటి గచ్చుతో చిన్న మంటపం ఒకటి ఉంది. దాన్ని మురారి రావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని వాడుక. ఆ గద్దె మీద నుంచి గుత్తి ఊరూ, దాని చుట్టూ మైళ్ళ దూరం పొలాలూ కనిపిస్తాయి. ఎవరు వస్తున్నా ఒక పూట ముందే తెలిసిపోతుంది.

1775లో మైసూరు హైదర్ అలీ బళ్ళారి పట్టుకుని ఇటు తిరిగాడు. కప్పం కట్టమన్నాడు. చౌతు పన్ను వసూలు చేయడమే గానీ ఒకరికి కట్టడం మా ఇంటా వంటా లేదన్న అర్థంతో మురారి రావు జవాబు పంపాడని మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ చెబుతాడు. ముట్టడి మొదలైంది. కొన్ని వారాలకు కింది కోట, పేట హైదర్ వశమయ్యాయి. కింద ఉన్న జనం, గుర్రాలు, పశువులు అన్నీ పై కోటలోకి ఎగబాకాయి. కోట గోడలకు అది ఏ నష్టమూ చెయ్యలేదు, గుంటల్లోని నీళ్ళకు చేసింది. ఇంతమందికని తొలిచిన గుంటలు కావవి. పూణే మరాఠాల నుంచి వస్తుందనుకున్న సాయం రాలేదు.

మురారి రావు రాయబారం నడిపాడు. పెద్ద మొత్తానికి బేరం కుదిరింది. ఉన్న నగదూ, నగానట్రా, వెండి సామాను కిందికి దించారు. మిగతా సొమ్ముకి పూచీగా ఒక కుర్రవాణ్ణి హైదర్ డేరాకి పంపారు. ఆ కాలంలో ఒప్పందానికి సంతకం కన్నా గట్టి హామీ మనిషే. హైదర్ ఆ కుర్రవాణ్ణి మర్యాదగా కూర్చోబెట్టాడు. మీ కోటవాళ్ళు ఇంత పౌరుషంగా నిలబడ్డారే, మరి ఇంత కఠినమైన షరతులకు ఎలా ఒప్పుకున్నారని మెల్లగా మాట కలిపాడు. పొగడ్తకు పొంగిన ఆ కుర్రవాడు ఉన్న సంగతి చెప్పేశాడు. కోటలో మూడు రోజులకు సరిపడా నీళ్ళే ఉన్నాయి, లేకపోతే ఒప్పుకునేవాళ్ళమే కాదు అన్నాడు.

ఆ తరవాత హైదర్‌కి సొమ్ముతో పని లేదు. ఒప్పందాన్ని పక్కన పెట్టాడు, ముట్టడిని మళ్ళీ బిగించాడు. గుంటలు అడుగంటాయి. 1776లో మురారి రావు కొండ దిగి లొంగిపోయాడు. ఆయన్ని మొదట శ్రీరంగపట్నానికీ, తరవాత కబ్బాళదుర్గానికీ తీసుకుపోయారు. కబ్బాళదుర్గం కూడా ఒంటరి రాతికొండే. అక్కడే ఆయన ప్రాణం పోయింది.

లొంగుబాటు అంటే గుర్తొచ్చింది పెదనాన్నగారూ, మీ గదిలో గోడకి ఢాకా లొంగుబాటు ఫొటో ఉండేది కదా. బల్ల ముందు పక్కపక్కనే కూర్చున్న పాకిస్తాన్ సేనాని నియాజీ, మన సేనాని అరోరా, వెనక నిలబడ్డ సైన్యాధికారులు. 1971 డిసెంబరు 16 సాయంత్రం, రేసుకోర్సు మైదానంలో. వాళ్ళు సంతకం చేసిన లొంగుబాటు పత్రం ఎంత చిన్నదో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఎవరు లొంగుతున్నారు, ఎవరి ఆజ్ఞలకు లోబడతారు, లొంగినవారిని జెనీవా ఒప్పందాల ప్రకారం గౌరవంగా చూస్తామన్న మాట. అంతే. సుమారు 93,000 మంది ప్రాణాలు ఆ మాట మీద ఆధారపడ్డాయి. ఆ మాట నిలిచింది. గుత్తి కుర్రవాడి ఒప్పందానికీ, ఢాకా కాగితానికీ ఉన్న తేడా నా లెక్కలో ఇదొక్కటే. లొంగిపోవడంలో కాదు, లొంగాక ఎదుటివాడు మాట మీద నిలబడ్డాడా లేదా అన్నదాంట్లో ఉంది.

ఇలాంటి కాగితాల్లో చేతి తడబాట్లు కూడా ఉన్నాయి. 1945 సెప్టెంబరు 2న మిస్సోరీ ఓడ మీద జపాను లొంగుబాటు పత్రంలో కెనడా ప్రతినిధి ఒక గీత కిందకి జరిగి సంతకం చేశాడు. దాంతో ఆయన తరవాతి వాళ్ళంతా తమవి కాని గీతల మీద సంతకాలు పెట్టాల్సి వచ్చింది. జపాను ప్రతినిధులు ఒప్పుకోకపోతే దేశాల పేర్లు కొట్టేసి చేత్తో సరిదిద్ది ఇచ్చారు. అదే ఏడాది మే నెలలో జర్మనీ తరఫున యోడ్ల్ ఫ్రాన్సులోని ఒక బడి భవనంలో తెల్లవారుజామున సంతకం చేస్తే, అది చాలదని రష్యావాళ్ళు పట్టుబట్టి బెర్లిన్‌లో మళ్ళీ చేయించుకున్నారు.

ఇక ఈ సీమ తలరాత రాసిన కాగితాల దగ్గరికి వస్తాను. అవి మూడు. మూడూ ఇక్కడ రాసినవి కావు.

మొదటిది 1792 మార్చి 18 నాటి శ్రీరంగపట్నం ఒప్పందం. ఈస్టిండియా కంపెనీ తరఫున కార్న్‌వాలిస్, హైదరాబాదు నిజాం, మరాఠా పీష్వా ముగ్గురూ ఒకటై హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్‌ని వంచారు. సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఇస్తానని టిప్పు ఒప్పుకున్నాడు. డబ్బు ముట్టేదాకా చిన్నవాళ్ళైన ఇద్దరు కొడుకుల్ని కుదువ పెట్టాడు. హైదర్ కొడుక్కి ఇక్కడ తన పిల్లలే పూచీ. రెండేళ్ళకు, 1794లో, దేవనహళ్ళి దగ్గర ఆ పిల్లల్ని తండ్రికి అప్పగించారు. అప్పుడు కడప సీమ నిజాం పాలికి వచ్చింది.

రెండోది 1799 జూన్ 22 నాటి పంపకం. టిప్పు మే 4న యుద్ధంలో పడిపోయాడు కాబట్టి లొంగిపోవడానికి ఎవరూ మిగల్లేదు. గెలిచినవాళ్ళే కూర్చుని పంచుకున్నారు. ఆ పత్రానికి పట్టీలు జతచేశారు. ఒక్కొక్క తాలూకా పేరు, పక్కన అది ఏడాదికి ఇచ్చే రాబడి కంఠీరవ వరహాల్లో. కంపెనీకి, నిజాంకి చెరొక 5,37,000 వరహాల చొప్పున దాదాపు సమానంగా తేల్చారు. గుత్తి, గుర్రంకొండ నిజాం పట్టీలో పడ్డాయి. గుత్తి పేరు పక్కన ఒక అంకె. ఆ అంకెలో వాన పడ్డ ఏడూ ఉంది, పడని ఏడూ ఉంది, రెంటికీ ఒకటే లెక్క. ఈ సీమ కష్టాల్లో చాలా వాటికి మొదలు ఆ లెక్కలోనే ఉందని నా నమ్మకం.

మూడోదే నన్ను నిలవనివ్వనిది. 1800 అక్టోబరు 12, హైదరాబాదు. నిజాం అలీ ఖాన్ తరఫూ, కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ తరఫూ కుదిరిన ఒప్పందం. ఇక్కడ ఓడినవాడు లేడు. రెండు యుద్ధాల్లోనూ గెలిచిన పక్షంలో ఉన్న నిజాం, 1792లోనూ 1799లోనూ తన వాటాకి వచ్చినదంతా శాశ్వతంగా కంపెనీకి రాసిచ్చేశాడు. దేనికి? తనకు కాపలా ఉండే సైన్యం ఖర్చుకి. ఎనిమిది పటాలాల సిపాయిలు, రెండు ఆశ్విక దళాలు. నెలనెలా జీతాలు కట్టడం, బాకీలు పడటం, తగాదాలు రావడం ఎందుకని నేలనే ఇచ్చేశాడు. దీని వెనక భయం ఉంది. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడిపోయి, తన మంత్రి అరిస్తూ జాని పూణేకి బందీగా పంపిన రోజు నిజాం మరిచిపోలేదు. తుంగభద్రే సరిహద్దుగా ఉండాలని నదికి దక్షిణాన ఉన్న ఆదోనిని కూడా కలిపి ఇచ్చి, బదులుగా ఉత్తరాన కొన్ని చోట్లు అట్టిపెట్టుకున్నాడు. గుత్తి నిజాం కింద ఉన్నది పట్టుమని ఏడాదిన్నర కూడా కాదు.

ఒక్కసారి ఆలోచించండి. 1776లో గుత్తి దగ్గర పొలం దున్నుకునే ఇరవై ఏళ్ళ రైతు, 1800 నాటికి నలభై నాలుగేళ్ళవాడు. మురారి రావు, హైదర్, టిప్పు, నిజాం, కంపెనీ, ఇలా అయిదుగురికి శిస్తు కట్టాడు. మూడు కాగితాల్లోనూ అతని సంతకం లేదు, అతన్ని అడిగినవాడూ లేడు. ఈ మాట రాస్తుంటే నాకు కోపం వస్తోంది, దాచుకోవడం లేదు.

ఇంకొక సంగతి చూడండి. 1799 పంపకాన్ని నడిపిన కమిషన్‌కి ఇద్దరు కార్యదర్శులు. ఒకరు జాన్ మాల్కం, రెండోవాడు థామస్ మన్రో. వరహాల పట్టీలు తయారైన చోట ఉన్న ఆ మన్రోనే 1800 ఆఖర్న ఈ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, అనంతపురంలో కచేరీ పెట్టి, 1807 దాకా ఉన్నాడు. సుమారు 80 మంది పాలెగాళ్ళను అణచడంలో ఆయన చెయ్యి మెత్తనిది కాదు. కానీ గుర్రం మీద ఊరూరా తిరిగి, పొలం పొలం కొలిపించి, రైతు పేరునే పట్టా రాయించే పద్ధతి పెట్టాడు. తిరిగాక ఆయనకి అంకెకీ నేలకీ ఉన్న తేడా తెలిసింది. 1807లో శిస్తు నూటికి 25 వంతులు తగ్గించాలనీ, బావి నీళ్ళతో పండే తోట భూములకి మరో 8 తగ్గించాలనీ పైవాళ్ళకి రాశాడు. పైవాళ్ళు వినలేదు. తానే మద్రాసు గవర్నరై తిరిగి వచ్చాక, 1820లో ఆ తగ్గింపు అమలు చేయించాడు. పదమూడేళ్ళు పట్టింది. ఆ పదమూడేళ్ళలో బావి ఎండిన రైతు కూడా పాత లెక్కే కట్టాడు. అయినా జనం ఆయన మీద మమకారం పెట్టుకున్నారు. ఇక్కడ పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి.

ఆయన పోయింది కూడా ఈ పక్కనే. గవర్నరుగా సెలవు తీసుకుని ఇంగ్లండు వెళ్ళబోయే ముందు, ఈ ప్రాంతాన్ని మరోసారి చూసుకుంటూ వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తి కోట కింద సమాధి చేశారు. 1831లో అస్థికలు మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తీసుకుపోయారు. పత్తికొండలో ఆయన గుర్తుగా సర్కారు చేసిన పని ఒక తోపు వేయించి, మెట్ల బావి తవ్వించడం. మద్రాసులో గుర్రం మీద కంచు విగ్రహం పెట్టారు గానీ, పత్తికొండ బావే సరైన గుర్తు అనిపిస్తుంది నాకు.

మూడో కాగితం పుణ్యమా అని ఈ ప్రాంతానికి దత్తమండలాలు అన్న పేరు నూట పాతికేళ్ళకు పైగా అంటుకుంది. 1928లో నంద్యాల సభలో ఇక్కడివాళ్ళే దాన్ని తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నారు. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పినవారు. కాగితం మీద ఇచ్చేసిన నేలను జనం తమ నోటితో తిరిగి తెచ్చుకున్నారని నేను అనుకుంటాను. శిస్తు, సరిహద్దు, సైన్యం, ఇవేవీ ఆ సభ చేతిలో లేవు. పేరొక్కటే ఉంది. దాన్ని మార్చుకున్నారు.

సాయంత్రం కోట దిగుతుంటే మేకల పెద్దాయన మళ్ళీ కలిశాడు. మూడు రోజుల నీళ్ళ కథ ఆయనకి తెలుసు, కానీ విల్క్స్ రాసినట్టు కాదు. ఆయన చెప్పే కథలో కుర్రవాడి తప్పు లేదు. "నీళ్ళు లేవని చెప్పినోడిదేం తప్పమ్మా? లేనిది లేదన్నాడు. మాట తప్పినోడిది గదా తప్పు" అన్నాడు. హైదర్‌ని ఇంతకన్నా సూటిగా తప్పుపట్టిన చరిత్రకారుడు నాకు తగల్లేదు.

మీతో ఒక పని ఉంది పెదనాన్నగారూ. ఈ ఒప్పందాలన్నీ ఐచిసన్ కూర్చిన ఒప్పందాల సంపుటాల్లో ఇంగ్లీషులో ఉన్నాయి. 1800 నాటిది పెద్దదేం కాదు, ఇరవై క్లాజులు. మీకు ఆ భాషా తెలుసు, ఆ కాలమూ తెలుసు, రిటైరయ్యాక తీరికా ఉంది. దాన్ని ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో రాయండి. 1799 పట్టీలో గుత్తి పక్కన వేసిన అంకెను కూడా వదలకండి. రాశాక ముందుగా ఈ జిల్లా బళ్ళకే పంపుదాం. తమ ఊరిని ఎవరు, ఎప్పుడు, ఎంతకి లెక్కగట్టి రాసిచ్చారో ఇక్కడి పిల్లలకి తెలియాలి. వచ్చే నెల నేను వచ్చేసరికి మొదటి అయిదు క్లాజులైనా సిద్ధం చేసి ఉంచండి.



ఇట్లు,
మీ అమ్మాయి